అతివాహకాన్ని తడితే మోగుతుందా?

ఒంగోలులో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతున్న ఇన్నేళ్లలోనూ అతివాహకత, అంటే బాగా చల్లార్చిన కొన్ని పదార్థాలు విద్యుత్తును ఏ నిరోధమూ లేకుండా పోనిచ్చే గుణం, పాఠంగా వచ్చినప్పుడల్లా నాకొక లోటు తోచేది. పుస్తకంలోని బొమ్మ చూపించి, నల్లబల్ల మీద సమీకరణాలు రాసి, పిల్లలను నమ్మమనడమే తప్ప కళ్లారా చూపించగలిగింది లేదు. ఈ ఏడాది పరిచయమున్న పశువైద్యుడొకరి సాయంతో మూడు లీటర్ల ద్రవ నత్రజని మా ప్రయోగశాలకు చేరింది. నిజానికి మన జిల్లాలో ద్రవ నత్రజని పల్లెలకు కొత్తేమీ కాదు. మేలుజాతి గిత్తల వీర్య నాళికలను భద్రపరచేది అందులోనే కనుక, ఇంటింటికీ వచ్చి పశువులకు ఎద సూదులు వేసే గోపాలమిత్రల దగ్గర ఆ పాత్ర ఎప్పుడూ ఉంటుంది. నా చిన్నతనంలో మా ఊరి పశువుల ఆసుపత్రి వరండాలో, సన్నని మెడ ఉన్న ఆ పాత్ర మూత తీయగానే తెల్లని పొగ పైకి లేవకుండా నేలమీదికి జారి, మెట్లు దిగి, అక్కడున్న వాళ్ల చెప్పుల చుట్టూ పాకి మాయమవడం కళ్లప్పగించి చూసేదాన్ని. అదే పొగ ఇన్నాళ్లకు నా బల్ల మీద కనిపించింది.

థర్మోకోల్ గిన్నెలో రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దదైన నల్లని బిళ్లను పెట్టి ద్రవ నత్రజని పోశాము. ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన ఆ పింగాణీ వంటి పదార్థం 92 కెల్విన్ దగ్గర అతివాహకమవుతుందని 1987లో కనుగొన్నారు. నత్రజని మరిగేది 77 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు 196 సెల్సియస్ డిగ్రీల దిగువన కాబట్టి అది చాలు. సలసల మరుగు తగ్గి ద్రవం నెమ్మదించాక, పట్టుకారుతో చిన్న అయస్కాంతాన్ని తెచ్చి బిళ్ల మీద విడిచిపెడితే అది గోరెత్తున గాలిలో నిలిచిపోయింది. పిల్లలు ఒకరి తరువాత ఒకరు పెన్ను కొసతో దాన్ని తిప్పి చూశారు. అందరూ వెళ్లిపోతుండగా, చీమకుర్తి నుంచి రోజూ బస్సులో వచ్చే విద్యార్థి ఒకడు వెనక్కి వచ్చి, "మేడమ్, దీన్ని తడితే మోగుతుందా?" అని అడిగాడు.

ఆ అబ్బాయి తండ్రి గెలాక్సీ గ్రానైట్ క్వారీలో పనిచేస్తాడు. కోసి తీసిన బండను లారీకి ఎక్కించే ముందు సుత్తితో అక్కడక్కడా తట్టి వింటారట. ఖంగుమని మోగితే బండ గట్టిది, బొంగురుగా మోగితే లోపల ఎక్కడో పగులున్నట్టు. కంటికి కనిపించని పగులు చెవికి వినిపిస్తుంది. మొదట నేను వాడు అడిగింది బిళ్ల గురించే అనుకున్నాను. "బిళ్ల కాదు మేడమ్, లోపల ఎలక్ట్రాన్లు జతలు కట్టాయన్నారు కదా, ఆ జతకట్టడాన్నే తడితే?" అని వాడు సరిచేశాడు. మోగుతుందని చెప్పి, ఎలాగో తరువాత వివరంగా చెబుతానన్నాను. ఇన్నేళ్లలో ఒక విద్యార్థి నన్ను అడిగిన ప్రశ్నల్లో ఇంత మంచిది మరొకటి నాకు గుర్తు లేదు. అందుకే తొందరపడకుండా ఇక్కడ రాస్తున్నాను.

తట్టినప్పుడు మోగేది ఏమిటో ముందు తేల్చుకోవాలి. బండను తడితే కదిలేవి దాని అణువులు. అతివాహకంలోనూ అణువులున్నాయి, వాటి కంపనాలూ ఉన్నాయి, కానీ మా వాడు అడిగింది వాటి సంగతి కాదు. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్ దాకా చల్లార్చి నిరోధం మాయమవడం చూసిన తరువాత, అలా ఎందుకు జరుగుతుందో చెప్పడానికి 46 ఏళ్లు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పిన సమాధానం జతల మీద నిలిచింది. ఒక ఎలక్ట్రాన్ పోతూపోతూ స్ఫటిక జాలకాన్ని కొద్దిగా తనవైపు లాగుతుంది, ఆ లాగుడు సద్దుమణిగేలోగా మరొక ఎలక్ట్రాన్ దాని ఆకర్షణలో పడుతుంది, అలా రెండూ జత కడతాయి. దాన్నే కూపర్ జత అంటారు. జత అనగానే మన ప్రాంతంలో కాడి కట్టిన ఎడ్లే మనసులో మెదులుతాయి. నేనూ తరగతిలో బండలాగుడు పందేల పోలిక చెప్పేదాన్ని, కానీ ఇప్పుడు మానేశాను, ఎందుకంటే అది పెద్ద పొరపాటుకు దారి తీస్తుంది. పందెంలో ఒక జత బరిలో ఉన్నప్పుడు మరో జత పక్కన వేచి ఉంటుంది, ఏ ఎద్దు ఏ ఎద్దుకు జతో అందరికీ తెలుసు. స్వచ్ఛమైన అల్యూమినియంలో ఒక కూపర్ జత పరిధి ఒక మైక్రోమీటరును దాటుతుంది, ఆ పరిధిలోనే లక్షలాది ఇతర జతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఇది ఈ జత, అది ఆ జత అని వేరుచేసి చూపలేము. అన్నీ ఒకే స్థితిలో, ఒకే అడుగులో ఉంటాయి కాబట్టి ఆ సమూహం మొత్తాన్ని ఒకే రాశితో చెప్పవచ్చు. గింజ్‌బర్గ్, లాండౌ 1950లోనే ప్రతిపాదించిన ఆ రాశిని క్రమ పరామితి అంటాము. దానికి రెండు ముఖాలున్నాయి: జతకట్టడం ఎంత గట్టిగా ఉందో చెప్పే పరిమాణం ఒకటి, అందరూ కలిసి వేసే అడుగు ఎక్కడుందో చెప్పే దశ మరొకటి.

ఈ రెండింటినీ చూపడానికి నాకు పాత గానుగ బాగా పనికొచ్చింది. మధ్యలో రోలు, దాని చుట్టూ ఎద్దు తిరిగి తిరిగి అరగదీసిన గుండ్రటి గాడి, గాడికి అవతల గట్టు. మధ్యభాగాన్ని మట్టిదిబ్బగా ఊహించి ఒక గోళీని వదిలితే అది దిబ్బ మీద నిలవకుండా గాడిలోకి జారి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అతివాహకం చల్లబడినప్పుడు జరిగేది అదే. గోళీ కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉందన్నది పరిమాణం, గాడిలో ఏ దిక్కున ఉందన్నది దశ. ఇక ఆ గోళీ రెండు రకాలుగా కదలగలదు. గాడి వెంట దొర్లితే ఎత్తుపల్లాలు లేవు కనుక ఖర్చు లేదు. గాడికి అడ్డంగా, దిబ్బ వైపూ గట్టు వైపూ ఊగాలంటే ఎక్కి దిగాలి, కాబట్టి దానికొక నిర్దిష్టమైన పౌనఃపున్యం ఉంటుంది. మా వాడి ప్రశ్నకు జవాబు ఈ రెండో ఊగులో ఉంది.

మొదటి దాని గురించి కొంచెం చెప్పి ముందుకు వెళతాను. గాడి వెంట కదలికకు ఖర్చు లేదన్నది ఆవేశం లేని కణాలకే వర్తిస్తుంది. ఎలక్ట్రాన్లకు ఆవేశం ఉంది కాబట్టి దశలో అల లేస్తే ఆవేశం ఒకచోట పోగవుతుంది, కూలుంబ్ బలం దాన్ని వెనక్కి నెడుతుంది, ఫలితంగా ఆ కదలిక ఎలక్ట్రాన్ల గుంపు మొత్తంగా ఊగే ప్లాస్మా పౌనఃపున్యం దాకా, అతివాహకపు శక్తులతో పోలిస్తే అందనంత ఎత్తుకు వెళ్లిపోతుంది. ఫిలిప్ ఆండర్సన్ 1963లో ఈ విషయాన్నే కణభౌతిక శాస్త్రవేత్తల ముందుంచాడు. మరుసటి ఏడాది, 1964లో, హిగ్స్, బ్రౌట్, ఆంగ్లేర్ అదే యంత్రాంగాన్ని విశ్వం స్థాయిలో రాశారు. అడ్డంగా ఊగే కదలికకు అక్కడ కనిపించిన రూపమే 2012 జూలై 4న ఐరోపా కణభౌతిక ప్రయోగశాల సెర్న్ ప్రకటించిన హిగ్స్ కణం. అందుకే అతివాహకంలోని పరిమాణపు ఊగును కూడా ఇప్పుడు హిగ్స్ కంపనం అంటున్నారు. ఆ పేరు వెనుక ఆండర్సన్ కనిపించకుండా పోవడం నాకు బాధగానే ఉంటుంది.

సామూహిక కదలికలు ఈ రెండే కాదు. రెండు పట్టీలలో (పట్టీ అంటే ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల వరుస) జతలు కట్టే పదార్థాల్లో ఒక పట్టీ దశ ముందుకు, మరో పట్టీ దశ వెనక్కి ఊగడాన్ని లెగెట్ 1966లో ఊహించాడు. 39 కెల్విన్ దగ్గర అతివాహకమయ్యే మెగ్నీషియం డైబోరైడ్‌ను 2001లో కనుగొన్న తరువాత దానికి మంచి వేదిక దొరికింది. అతివాహకత మొదలయ్యే సంక్రమణ ఉష్ణోగ్రతకు అతి చేరువలో, జతలూ విడి ఎలక్ట్రాన్లూ ఎదురెదురుగా ప్రవహించే కదలికను 1970లలో కార్ల్‌సన్, గోల్డ్‌మన్ అల్యూమినియం పొరల్లో చూశారు. వాటి కథ మరోసారి.

పరిమాణపు ఊగు ఉండి తీరాలని సిద్ధాంతం చెబుతున్నా దశాబ్దాల పాటు అది ఎవరికీ వినిపించకపోవడానికి కారణాలు రెండు. దానికి ఆవేశమూ లేదు, ఒకవైపు వంగే గుణమూ లేదు. అన్ని దిక్కులా ఒకేలా ఉబ్బి తగ్గుతుంది కాబట్టి కాంతిలోని విద్యుత్ క్షేత్రానికి నేరుగా పట్టు దొరకదు. రెండోది ఇంకా చిక్కు. ఒక జతను విడగొట్టడానికి కనీసం కావలసిన శక్తిని 2Δ అంటే, ఈ ఊగు శక్తి కూడా సరిగ్గా 2Δ. అంటే మోత ఎక్కడ మొదలవుతుందో జతలు విడిపోయే గలాటా కూడా అక్కడే మొదలవుతుంది. తిరునాళ్లలో మైకుల మోత నడుమ ఎవరో చిరుగంట కొడితే విని గుర్తుపట్టడం వంటిది ఇది.

తొలి ఆనవాలు అనుకోని చోట దొరికింది. నియోబియం డైసెలినైడ్ అనే పొరలు పొరలుగా ఉండే పదార్థంలో 33 కెల్విన్ దగ్గర ఎలక్ట్రాన్ల సాంద్రత అలలుగా సర్దుకుంటుంది, 7.2 కెల్విన్ దగ్గర అతివాహకత మొదలవుతుంది. 1980లో సూర్యకుమార్, క్లైన్ దాని మీద రామన్ పరిక్షేపణ ప్రయోగం (చెదిరిన కాంతి రంగులో వచ్చే మార్పును కొలిచేది) చేసి, అతివాహక స్థితిలో మాత్రమే కనిపించే కొత్త శిఖరాలను చూశారు. ఆ మరుసటి ఏడాది లిటిల్‌వుడ్, చంద్ర వర్మ వాటికి అర్థం చెప్పారు. సాంద్రతా తరంగపు కంపనం జతకట్టడాన్ని కదిలిస్తోంది, కాబట్టి పరిమాణపు ఊగు దాని వీపునెక్కి బయటికి కనిపిస్తోంది. కానీ ఇది పక్కింటి గంట ద్వారా మనింటి గంట వినడం. పక్కింటి సాయం లేని మామూలు అతివాహకాన్ని నేరుగా తట్టి వినడానికి ఇంకో ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

ఆలస్యమంతా సుత్తి కోసమే. గోళీ గాడి అడుగున కదలకుండా ఉన్నంతసేపూ, అంటే పదార్థం సమతాస్థితిలో ఉన్నంతసేపూ, అది ఊగదు. గాడి ఆకారాన్నే ఒక్కసారిగా మార్చేయాలి, అదీ గోళీ సర్దుకునే లోపల. నెమ్మదిగా మారిస్తే గోళీ కూడా అడుగునే అంటిపెట్టుకుని నెమ్మదిగా జరుగుతుంది, ఊగు పుట్టదు. నియోబియం నైట్రైడ్ 15 కెల్విన్ దగ్గర అతివాహకమవుతుంది, దాని 2Δ సుమారు 5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని పౌనఃపున్యంగా మారిస్తే 1.2 లేదా 1.3 టెరాహెర్ట్జ్ (ఒక టెరాహెర్ట్జ్ అంటే సెకనుకు లక్ష కోట్ల ఊగులు), అంటే ఒక ఊగు పూర్తికావడానికి 0.8 పికోసెకను (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు). సుత్తి దెబ్బ అంతకన్నా పొట్టిగానో, దాదాపు అంతేగానో ఉండాలి. పొట్టి దెబ్బలు కొట్టే లేజర్లు ఎప్పటినుంచో ఉన్నాయి కానీ వాటి బరువే సమస్య. సమీప పరారుణ లేజర్ ఫోటాన్ ఒక్కొక్కటి 1.5 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే జతను విడగొట్టడానికి చాలినదానికి 300 రెట్లు. చిరుగంటను సమ్మెటతో కొడితే మోగదు, పగులుతుంది. అలాంటి ఫోటాన్ పడితే ఎలక్ట్రాన్లు ఎగిసిపడి, వేడి ఫోనాన్లను, అంటే స్ఫటిక జాలకపు కంపనాలను, రేపి, ఆ ఫోనాన్లు ఇంకొన్ని జతలను విరిచి, చివరికి పదార్థం వేడెక్కడమే మిగులుతుంది.

కావలసింది జత శక్తికి సరితూగే తేలికైన, పొట్టి, బలమైన టెరాహెర్ట్జ్ స్పందం, అంటే క్షణంలో ముగిసే తరంగపు తునక. లిథియం నియోబేట్ స్ఫటికంలోకి లేజర్ స్పందపు ముఖాన్ని ఏటవాలుగా వంచి పంపే పద్ధతిని హెబ్లింగ్ బృందం 2002లో చెప్పిన తరువాత అలాంటి స్పందాలు ప్రయోగశాలకు అందాయి. దాంతో టోక్యో విశ్వవిద్యాలయంలో షిమానో బృందం నియోబియం టైటానియం నైట్రైడ్ పలుచని పొరను తట్టి వినగలిగింది. మత్సునాగా మొదటి రచయితగా 2013లో వెలువడిన ఆ ఫలితంలో, దెబ్బ పడిన తరువాతి పికోసెకన్లలో జతకట్టడపు బలం తగ్గి, పెరిగి, మళ్లీ తగ్గి, క్రమంగా సన్నగిల్లడం గీత మీద స్పష్టంగా కనిపిస్తుంది. నన్ను బాగా కదిలించిన సంగతి ఒకటుంది: ఆ ఊగు పౌనఃపున్యం దెబ్బకు ముందున్న శక్తి అంతరానికి (జతను విడగొట్టే ఆ 2Δకు) కాక, దెబ్బ తిన్న తరువాత నిలదొక్కుకున్న, కాస్త తగ్గిన అంతరానికి సరిపోయింది. దెబ్బ బలం పెంచితే మోత కొంచెం మంద్రమైంది. సమతాస్థితి నుంచి తప్పించిన పదార్థం తన కొత్త స్థితిని తానే చెప్పుకుంటోందన్నమాట.

పికోసెకనులో పదో వంతును ఎలా కొలుస్తారని మా పిల్లలు అడిగినప్పుడు బీరువాలోంచి స్క్రూగేజి తీసి చేతికిచ్చాను. దాని కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు అని ఇంటర్మీడియట్‌లో అందరూ రాసినవారే. కాంతి పికోసెకనులో 0.3 మిల్లీమీటరు వెళుతుంది. ఆ ప్రయోగంలో రెండు స్పందాలుంటాయి, ఒకటి తట్టడానికి, రెండోది వినడానికి. రెండో దాని దారిలో ఉన్న అద్దాన్ని కొంచెం వెనక్కి జరిపితే కాంతి పోవడానికీ రావడానికీ కలిపి రెట్టింపు దూరం పెరుగుతుంది. స్క్రూగేజి తల స్కేలును ఒక్క గీత తిప్పి అద్దాన్ని జరిపామనుకుంటే దారి 0.02 మిల్లీమీటరు పెరిగి, స్పందం 0.067 పికోసెకను ఆలస్యమవుతుంది. 15 గీతలు తిప్పితే సరిగ్గా ఒక పికోసెకను. గడియారం అక్కరలేదు, మర చాలు. స్క్రూగేజి పట్టుకున్న పిల్ల ఒక గీత తిప్పి, ఆగి, ఇంకొక గీత తిప్పి, "ఇది ఒక ఊగులో పన్నెండో వంతు మేడమ్" అని తనే లెక్కకట్టి చెప్పింది.

ఇక మోత ఎలా సన్నగిల్లుతుందన్న దగ్గరికి వస్తున్నాను. నాకు ఈ విషయం మీద ఇంత మమకారం కలగడానికి కారణం ఇదే. మామూలు గంట మోత ఘాతీయంగా, అంటే ప్రతి ఊగుకూ అదే నిష్పత్తిలో, తగ్గుతుంది, ఎందుకంటే కంపనశక్తి గాలిలోకీ లోహంలోకీ పోతూ ఉంటుంది. పాఠ్యపుస్తకంలో అవరుద్ధ డోలనాలు అంటే మనం చెప్పేది అదే. హిగ్స్ మోత అలా తగ్గదు. వోల్కోవ్, కోగన్ 1974లోనే లెక్కకట్టిన ప్రకారం దెబ్బ చిన్నదైతే దాని డోలన పరిమితి కాలపు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది, అదీ శక్తి ఎక్కడికీ పోకుండానే. శక్తి పోకుండా మోత ఎలా తగ్గుతుందన్నదే ప్రశ్న.

ఆండర్సన్ 1958లో చూపిన బొంగరాల చిత్రం దీనికి సమాధానం చెబుతుంది. ప్రతి జంట స్థితినీ ఒక్కొక్క బొంగరంగా ఊహించుకోవచ్చు. అన్నీ కలిసి ఒక క్షేత్రాన్ని తయారుచేస్తాయి, ఆ క్షేత్రం చుట్టూ అన్నీ నిలబడతాయి. దెబ్బ పడగానే క్షేత్రపు దిక్కు మారుతుంది, బొంగరాలన్నీ కొత్త దిక్కు చుట్టూ తల తిప్పడం మొదలుపెడతాయి. కానీ ఒక్కొక్కదాని వేగం వేరు. ఫెర్మీ తలం (ఎలక్ట్రాన్లు నిండిన శక్తులకూ ఖాళీ శక్తులకూ మధ్య హద్దు) మీదున్న వాటికి పౌనఃపున్యం 2Δకు తగినది, అదే కనిష్ఠం, తలానికి దూరమయ్యేకొద్దీ పెరుగుతుంది. మొదట అందరూ ఒకే అడుగులో ఉంటారు కాబట్టి మొత్తం ఊగు పెద్దదిగా కనిపిస్తుంది. కాసేపటికి వేగం ఎక్కువున్నవి ముందుకూ తక్కువున్నవి వెనక్కూ పడిపోయి మొత్తం కలిపి చూస్తే ఏమీ లేనట్టుంటుంది. చెక్కభజనలో అందరి చెక్కలూ కలిసి పడినప్పుడు వీధి చివరిదాకా వినిపించే దెబ్బ, ఒక్కొక్కరి లయ వెంట్రుకవాసి తేడాగా ఉంటే కాసేపటికి గలగల శబ్దంగా చెదిరిపోతుంది. అయినా ఏ చెక్కా ఆగలేదు, ఎవరూ అలసిపోలేదు. పరిమాణపు ఊగు చావడం లేదు, చెదురుతోంది. 2Δ అంచు దగ్గర బొంగరాలు చాలా గుంపుగా ఉండటం వల్లే ఆ చెదరడం ఘాతీయమంత త్వరగా కాక, వర్గమూలపు నెమ్మదితో సాగుతుంది.

ఈ మాట వింటే సరిపోదు, చూడాలి. అందుకని ప్రయోగశాలలో ఒక పొడుగాటి కర్రకు 15 ఇనుప నట్లను దారాలతో వేలాడదీశాము. మొదటిది నిమిషానికి 51 డోలనాలు, రెండోది 52, అలా చివరిది 65 చేసేటట్టు పొడవులు లెక్కకట్టాము. మొదటి దారం 34.4 సెంటీమీటర్లు, చివరిది 21.2 సెంటీమీటర్లు వచ్చాయి. ముడులు సరిగ్గా పడటానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. ముడి బిగిస్తే దారం రెండు మిల్లీమీటర్లు తగ్గుతుందని తెలిసి అందరూ మళ్లీ మొదటినుంచి కట్టారు. ఒక అట్టతో అన్నింటినీ కలిపి పక్కకు తోసి వదిలితే మొదటి రెండు మూడు ఊపులు ఒకే వరుసలో సాగుతాయి, తరువాత పాములా వంకర తిరుగుతాయి, ఆ తరువాత చూసేవారికి అంతా గజిబిజి. పిల్లలకు ప్రతి నట్టు స్థానాన్నీ ఫోనులో తీసిన వీడియో నుంచి కొలిచి, సగటు గీయమన్నాను. సగటు పది సెకన్లు కాకముందే సున్నా చుట్టూ పాకుతోంది, కానీ వీడియోలో ప్రతి నట్టూ దాదాపు మొదటిలాగే ఊగుతోంది. సరిగ్గా నిమిషం దగ్గర, ఎవరో పిలిచినట్టు, పదిహేనూ మళ్లీ ఒకే వరుసలోకి వచ్చాయి. ఆ క్షణంలో గదిలో ఎవరూ మాట్లాడలేదు.

అతివాహకంలో బొంగరాలు పదిహేను కాదు, లెక్కకు అందనన్ని, వాటి పౌనఃపున్యాల మధ్య సందు లేదు, కాబట్టి తమంతట తాము తిరిగి వరుసలోకి రావు. కానీ రెండో దెబ్బతో రప్పించవచ్చు. అయస్కాంత అనునాదంలో స్పిన్ ప్రతిధ్వని పద్ధతి అదే. నియోబియంలో హిగ్స్ కంపనపు ప్రతిధ్వనిని గమనించినట్టు అమెరికాలోని ఏమ్స్ నేషనల్ లాబొరేటరీ బృందం 2025లో ప్రకటించింది. చెదిరిన ఊగు పోలేదని, దాని జ్ఞాపకం బొంగరాల్లోనే దాగి ఉందని చెప్పడానికి ఇంతకన్నా నేరైన సాక్ష్యం నాకు తోచదు.

తట్టి వదిలేయడం కాక, ఆగకుండా ఊపడం మరో దారి. 2014లో అదే టోక్యో బృందం నియోబియం నైట్రైడ్‌ను 0.6 టెరాహెర్ట్జ్ స్పందంతో ఊపింది. పరిమాణపు ఊగు విద్యుత్ క్షేత్రపు వర్గానికే స్పందిస్తుంది కాబట్టి అది 1.2 టెరాహెర్ట్జ్ దగ్గర కదులుతుంది. ఉష్ణోగ్రత పెంచుతూ పోతే శక్తి అంతరం తగ్గుతూ వచ్చి, ఒకచోట సరిగ్గా 1.2తో కలుస్తుంది. అక్కడ పొరనుంచి వెలువడే 1.8 టెరాహెర్ట్జ్ కాంతి, అంటే పంపినదానికి మూడు రెట్ల పౌనఃపున్యం ఉన్నది, గరిష్ఠానికి చేరింది. హిగ్స్ అనునాదం దొరికిందని సంతోషించారు. రెండేళ్లకు, 2016లో, చెయా, కాస్తెల్లాని, బెన్‌ఫాట్టో గట్టి ప్రశ్న వేశారు: జతలు విడిపోయే చోట ఆవేశ సాంద్రత ఊగిసలాట కూడా సరిగ్గా 2Δ దగ్గరే గరిష్ఠమవుతుంది, పైగా మలినాలు లేని పదార్థంలో హిగ్స్ వాటా కన్నా అదే చాలా పెద్దదని మీరెందుకు చూడలేదని. క్వారీ భాషలో అడిగితే, మోగింది బండా, సుత్తి పిడా? ఆ తరువాత స్ఫటికపు దిక్కులు మార్చి కొలిచిన ప్రయోగాలు, మలినాలను లెక్కలోకి తీసుకున్న సిద్ధాంతాలు నియోబియం నైట్రైడ్ విషయంలో హిగ్స్ వైపే మొగ్గాయి. నిజమైన పొరల్లో ఎలక్ట్రాన్లు మలినాలను గుద్దుకుంటూ పోవడం వల్లే కాంతికి పరిమాణపు ఊగు మీద పట్టు పెరుగుతుంది. మచ్చ ఉన్నందువల్లే మోత వినిపించడం నాకెంతో అందంగా తోస్తుంది. అయినా ఆ ప్రశ్న వేసినవారికి నేను రుణపడి ఉన్నాననుకుంటాను, ఎందుకంటే వారు అడగకపోతే సగం అర్థంతోనే పాఠం చెబుతూ ఉండేదాన్ని.

సమతాస్థితినుంచి తప్పించడమంటే ఎప్పుడూ పాడుచేయడమే కాదని కూడా ఇక్కడ చెప్పాలి. సూక్ష్మతరంగాలతో ఊపితే అతివాహకత బలపడటం 1966లోనే చూశారు. అంచు దగ్గర పేరుకున్న విడి ఎలక్ట్రాన్లను పై శక్తులకు తరలిస్తే జతలకు అడ్డు తగ్గుతుందని ఎలియాష్‌బర్గ్ 1970లో వివరించాడు. పొటాషియం కలిపిన ఫుల్లరీన్‌లో (బంతుల్లాంటి కార్బన్ అణువులున్న పదార్థం) లేజర్ దెబ్బతో, మామూలుగా అతివాహకమయ్యే 20 కెల్విన్ కన్నా చాలా పైన అతివాహకం వంటి స్పందన కనిపించిందని 2016లో కవల్లేరి బృందం రాసింది. దాని అర్థం మీద చర్చ ఇంకా నడుస్తోంది కాబట్టి తరగతిలో నేను దాన్ని ఫలితంగా కాక ప్రశ్నగానే చెబుతాను.

మా చీమకుర్తి అబ్బాయి మాత్రం నట్లను వదలలేదు. "దెబ్బ చాలా గట్టిగా కొడితే?" అన్నాడు. అతివాహకంలో బొంగరాలు నట్ల లాగా ఎవరికి వారు కాదు, ప్రతి ఒక్కటీ అందరూ కలిసి చేసిన క్షేత్రానికే తల తిప్పుతుంది, ఆ తిప్పడంతో మళ్లీ క్షేత్రాన్నే మారుస్తుంది. అందువల్ల మూడు విధాలు సాధ్యమని 2004 నుంచి బరాంకోవ్, లెవిటోవ్, యుజ్బాష్యాన్ తదితరులు తేల్చారు: క్షేత్రం పూర్తిగా కుప్పకూలడం, ఊగి ఊగి ఒక విలువ దగ్గర నిలదొక్కుకోవడం, అందరూ ఒకరినొకరు పట్టుకుని అడుగు తప్పకుండా ఊగుతూనే ఉండటం. ఈ మూడింటినీ 2024లో కొలరాడోలోని జీలా సంస్థ బృందం లోహంలో కాక, రెండు అద్దాల మధ్య బంధించిన స్ట్రాన్షియం పరమాణువులతో చూపింది. ప్రతి పరమాణువూ ఒక బొంగరం, అద్దాల మధ్య తిరిగే కాంతే అందరినీ కలిపే క్షేత్రం.

ఇది విన్న మరునాడు వాడు కర్ర తీసేసి, రెండు కిటికీ చువ్వల మధ్య వదులుగా కట్టిన దారానికి నట్లను వేలాడదీశాడు. ఒక నట్టు ఊగితే ఆ దారం కదిలి మిగతావాటికి కబురు పోతుందని వాడి ఆలోచన. దారం బిగించినప్పుడు పాత గజిబిజే వచ్చింది. వదులు చేసినప్పుడు పక్కపక్కనున్న మూడు నట్లు చాలాసేపు ఒకదాన్నొకటి విడవకుండా కలిసి ఊగాయి. ఎంత వదులైతే ఎన్ని నట్లు కలుస్తాయో పట్టిక గీస్తున్నాడు. దారం సాగిపోతోందని, చేపల వల నేసే నైలాన్ తాడు కావాలని కొత్తపట్నం నుంచి వచ్చే స్నేహితురాలికి చెప్పాడు. ఆ అమ్మాయి సోమవారం తెస్తానంది.